తల్లి నమూనా

తెర మీద తొంభై మూడు అని పడగానే గదిలో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ అంకె ఏ ఊరికి వచ్చిందో చూడకుండానే కొట్టాను, అదీ నా తెలివి.

డాక్టర్ భానుమూర్తిగారు తెర మీది పటాన్ని దగ్గరికి లాగారు. కృష్ణ సముద్రంలో కలిసేచోట, కరకట్టకి ఇవతల, గోరంత ఆకుపచ్చ మరక కనబడింది. దాని కింద కట్టకిందపాలెం అని రాసి ఉంది. నేను పుట్టి పెరిగిన ఊరు. అమ్మ పోయాక నన్ను సాకిన మా పెద్దమ్మ రాఘవమ్మ ఇప్పటికీ ఉంటున్న ఊరు. మొత్తం కలిపి అరవై రెండు ఇళ్లు.

"నాంచారూ, మీ ఊరే కదూ?" అన్నారాయన నవ్వుతూ. "చూశావా, ఈ తీరం మొత్తంలో పర్రగా మారడానికి ఇంతకన్నా మంచి నేల లేదంటోంది మన సూది."

పైకి మాత్రం "అవునండీ" అన్నాను. తొమ్మిదేళ్లుగా ఆయన దగ్గర సర్వే పని చేస్తున్నాను. సూది చెప్పిందంటే నిజమేనని నమ్మడం అలవాటైపోయింది.

పర్ర అంటే ఉప్పునీళ్లు వచ్చిపోయే బురదనేల. తెలియనివాళ్లకి పనికిమాలిన బీడులా కనిపిస్తుంది. దానిమీద ఇలకూర, ఉప్పుగడ్డి, పేరు కూడా లేని ఇంకేవో దుబ్బులు పెరుగుతాయి. ఉప్పెన వచ్చినప్పుడు అల నడుం విరగ్గొట్టేవి ఆ దుబ్బులే. మనం చెరువులు తవ్వీ, కట్టలు పోసీ పర్రల్ని చాలావరకు మింగేశాం. రెండు ఉప్పెనలు వరసగా వచ్చి ఊళ్లని ఊడ్చుకుపోయాక బుద్ధొచ్చింది. ఏ నేలని తిరిగి సముద్రానికి వదిలితే మళ్లీ పర్ర లేస్తుందో వెతకడం మొదలెట్టాం. ఆ వెతుకులాటకి భానుమూర్తిగారు తయారుచేసినదే వేరుసూది.

మూరెడు పొడవుండే స్టీలు సూది అది. మట్టిలో గుచ్చితే కొసనున్న పూస చుక్కంత తడి పీల్చుకుని, ఎప్పుడో వందేళ్ల కింద చచ్చిపోయిన వేళ్ల జాడ కూడా పసిగట్టేస్తుంది. ఆ జాడని తల్లి నమూనాతో పోల్చి అంకె వేస్తుంది. తల్లి నమూనా అంటే నిండుగా బతికున్న పర్ర నుంచి తెచ్చిన పిడికెడు మట్టి. ఒక్కో పాయకి ఒక్కో తల్లి. తల్లి పోలిక ఎంత ఉంటే అంకె అంత. ఎనభై దాటిందంటే ఇక మనిషి చెయ్యి పెట్టే పని లేదు. పటం తనే కరకట్ట గేట్లకి కబురు పంపుతుంది, పోటువేళ గేట్లు వాటంతటవే లేస్తాయి. మనుషుల చేతిలో పెడితే పలుకుబడి ఉన్నోడి పొలం తప్పించి లేనోడి పొలం ముంచుతారని చట్టమే అలా రాశారు. మంచి ఉద్దేశమే, కాదనను. పదకొండు పాయల దగ్గర అలాగే పర్రలు లేచాయి. పోయిన తుఫానుకి ఆ వెనకున్న ఊళ్లలో ఒక్క గోడ కూలలేదు.

ఊరు ఖాళీ చెయ్యడానికి తొంభై రోజుల గడువు. ఆ గడువులోనే గేట్లు పోటుకి జానెడు చొప్పున తెరుచుకుంటూ ఉంటాయి, నేల ఉప్పుకి అలవాటు పడాలని.

ఆ నోటీసు నేనే పట్టుకుని ఊరెళ్లాను. ముక్కూమొహం తెలియనివాడు ఇచ్చేకంటే నేనిస్తే నయం కదా అనుకున్నాను.

పెద్దమ్మ పెరట్లో పొయ్యి ముందు కూర్చుని ఇలకూర ఉడకబెడుతోంది. ఇలకూర ఆకు నిండా ఉప్పే. మూడుసార్లు ఉడకబెట్టి మూడుసార్లు నీళ్లు వార్చేస్తేగాని నోట పెట్టలేం. ఆ తర్వాత ఎండురొయ్యలు వేసి వేపితే మాత్రం గిన్నెడన్నం లాగించేయొచ్చు.

"నోటీసా? కూడు తిన్నాక చదువుదువుగాని," అంది. "ముందా కాళ్లు కడుక్కో. అట్టా నిలబడ్డావేంటే, చుట్టంలాగా?"

"పెద్దమ్మా, ఊరు ఖాళీ చెయ్యాలంట."

"ఎవరన్నారు?"

"మా సూది."

"మీ సూదికి నా కొంప ఏం అడ్డమొచ్చిందంట?" అంటూ గిన్నె దించింది. మసిగుడ్డతో పట్టుకుని, ఆ ఉప్పునీళ్లని ఇంటిగోడ వారగా పోసుకుంటూ పోయింది. మా ఊళ్లో ఆడవాళ్లంతా అదే చేస్తారు. ఆ నీళ్లు పోస్తే గడ్డి మొలవదు, గడ్డి లేకపోతే పాము చేరదు. మా అమ్మమ్మ పోసింది, అమ్మమ్మ అత్తగారు పోసింది. గంజి మిగిలినా, పొయ్యిలో బూడిద తీసినా, రొయ్యల పొట్టు చెరిగినా అన్నీ ఆ గోడవారకే. కూర కడిగిన నీళ్లతో జారిన గింజలు అక్కడే మొలిచి, గడ్డి రాని చోట ఇలకూర దుబ్బులు మాత్రం నా మోకాలెత్తు పెరిగి ఉన్నాయి. పర్రలో కూడా అంత ఏపుగా పెరగదు.

ఆ దుబ్బుల్ని చూస్తూ ఉండిపోయాను. అక్కడే గట్టు మీద కూలబడ్డాను.

రెండేళ్ల కిందట ఈ పాయకి తల్లి నమూనా తెచ్చింది నేనే. ఆరోజు పౌర్ణమి పోటు. పాయ నిండుగా ఉంది. అసలు పర్రకి పోవాలంటే నడుంలోతు బురదలో మూడు మైళ్లు ఈదులాడాలి. పైగా నాకు జ్వరం, ఒళ్లు కాగిపోతోంది. పెద్దమ్మ కషాయం ఇచ్చి, "ఏం పర్రో, ఏం గోలో. అదే మొక్క, అదే ఉప్పు. ఇక్కడ తీసుకుపోతే ఎవడు చూడొచ్చాడే?" అంది. నాకూ సబబుగానే తోచింది. చిన్నప్పట్నుంచి ఆ మొక్కని పర్రలో ఎంత చూశానో పెరట్లోనూ అంతే చూశాను. మాకు ఆ రెండూ వేరని అనిపించదు. బయటి నుంచి వచ్చినవాడైతే దారి తెలియక, మొక్క తెలియక, చచ్చినట్టు బురదలో దిగేవాడు. నేను ఊరిదాన్ని కాబట్టి గోడవారన పిడికెడు మట్టి తీసి, డబ్బా మీద పాయ పేరు రాసి ఇచ్చేశాను.

సూది ఆ పిడికెడునే తల్లి అనుకుంది. గంజీ, బూడిదా, రొయ్యపొట్టూ నానిన మా పెద్దమ్మ పెరటిమట్టే దానికి అసలైన పర్ర. అలాంటి మట్టి కోసం తీరమంతా వెతికి వెతికి, చివరికి మా ఊరి పెరళ్లలో దొరికిందని సంబరంగా తొంభై మూడు మార్కులేసింది.

"ఏమైందే, మళ్లీ జ్వరమా?" అంది పెద్దమ్మ నా నుదురు పట్టుకుని చూస్తూ.

చెప్పాను. మొత్తం చెప్పాను. ఆవిడ విని, ఖాళీ గిన్నె ఒళ్లోకి లాక్కుంది.

"నేనేగా ఇక్కడ తీసుకోమంది," అంది.

"చేసింది నేను పెద్దమ్మా. చదువుకున్నదాన్ని నేను."

"సరే, చేశావు. పోయి మీ సారుకి చెప్పు. దాస్తే ఇంకా పాపం."

మర్నాడు పొద్దున్నే బందరులో పరిశోధనశాలకి వెళ్లాను. భానుమూర్తిగారు సూదుల్ని వరసగా పేర్చుకుని పూసలు తుడుస్తున్నారు. ఆ పని ఎవరికీ ఇవ్వరు, ఆయనే చేసుకుంటారు.

"సార్, కట్టకిందపాలెం పాయ తల్లి నమూనా పర్రది కాదు," అన్నాను.

"మరి?"

"మా పెద్దమ్మ పెరటిది."

ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన మెల్లగా కుర్చీ లాక్కుని కూర్చుని, "ఎప్పుడు గుర్తొచ్చింది?" అన్నారు.

"నిన్న. పెద్దమ్మ ఉప్పునీళ్లు పోస్తుంటే."

"మొదటి పోటు?"

"నిన్న రాత్రే వచ్చింది సార్. కట్టవార వీధిలోకి పాదం మునిగేంత."

నాలుగు రోజులు ఆయన ఫోను వదల్లేదు. ఆ ఆఫీసు వాళ్లు ఈ ఆఫీసుకి చెయ్యమన్నారు, ఈ ఆఫీసు వాళ్లు పటాన్ని అడగమన్నారు. పటాన్ని ఆపమని అడగడానికి ఆ చివర మనిషంటూ లేడు. ఉండకూడదని కదా చట్టం. ఆ చట్టం కమిటీలో భానుమూర్తిగారు కూడా సంతకం పెట్టారు. ఐదోరోజు సాయంత్రం నన్ను పిలిచి, "మనం చెరపడానికి లేదమ్మా. సూదే దిద్దుకోవాలి," అన్నారు. "కొత్త తల్లి నమూనా పెట్టి, అదే ఊళ్లో మళ్లీ గుచ్చాలి. ఎనభై లోపు వస్తే గేట్లు మూసుకుంటాయి. తారీఖు పటమే ఇచ్చింది."

"ఎప్పటికి?"

"ఇవాళ్టికి నలభై ఒకటో రోజు."

"ఈలోపు నీళ్లు?"

"వస్తూనే ఉంటాయి," అన్నారు. ఆ మాట అని కూడా ఇద్దరం దాని గురించి ఇంకాస్త ఆలోచించలేదు. తప్పు కాగితం మీద ఉందనీ, కాగితం మారితే చాలుననీ అనుకున్నాం.

ఊళ్లో అందర్నీ రేవు దగ్గర కూర్చోబెట్టి సంగతి చెప్పాను. నా తప్పని కూడా చెప్పాను. పక్కింటి పేరంటాలు లేచి, "నీ చదువు మా కొంపల మీదికొచ్చిందే," అని మొహం మీదే అనేసింది. ఆవిడని ఏమనగలను? చిన్నప్పుడు నాకు జడలేసిన మనిషి. మిగిలినవాళ్లు అదీ అనలేదు. చేపలు పట్టుకునేవాళ్లకి సముద్రంతో వాదించే అలవాటు ఉండదు.

"ఇప్పుడేం చెయ్యమంటావు?" అని అడిగారు.

"ఆ అంకె తగ్గాలి. తగ్గితే ఊరుంటుంది," అన్నాను. అంతకన్నా వివరంగా చెప్తే గాభరా పడతారని అంతటితో ఆపాను.

అంకె తగ్గాలన్న ఆ ఒక్క మాట పట్టుకుని వాళ్లు పనిలోకి దిగారు. ఇలకూర వండటం మానేశారు. గోడవార దుబ్బులన్నీ వేళ్లతో సహా పీకి కట్ట అవతల పారేశారు. పెరటిమట్టి జానెడు లోతు గీకి తట్టల్లో మోశారు. రోజు విడిచి రోజు వచ్చే ట్యాంకరులో ఇంటికి ఆరు బిందెల మంచినీళ్లు. అందులో రెండు బిందెలు పెరట్లో పోసి ఉప్పు కడగడం మొదలెట్టారు. తాగే నీళ్లని నేలకి పోస్తున్నారు. పెద్దమ్మైతే మూడు పోసేది. నేను చూసి కేకలేస్తే, "నాకెంత దాహమే, ముసల్దాన్ని," అంది.

వాళ్లు పొద్దున కడిగింది పోటు మధ్యాహ్నానికి మళ్లీ ఉప్పు చేసేది. మొదట పాదం మునిగేంత. పదిహేను రోజులకి చీలమండ దాటింది. బావి నీళ్లు ఉప్పెక్కాయి. కోళ్లు పందిరి దిగడం మానేశాయి. పెద్దమ్మ పొయ్యిని మంచం మీదికి ఎక్కించి వండేది. నేను వారానికోసారి వెళ్లేదాన్ని. వెళ్లినప్పుడల్లా ఏదో ఒకటి తగ్గి ఉండేది. ఒకసారి మేకలు లేవు, అమ్మేశారట. ఇంకోసారి పేరంటాలు మనవరాలికి ఒళ్లంతా దద్దుర్లు. అడ్డం పడి నీళ్లు ఆపలేను, కనీసం ఆ పిల్లకి మందు తెద్దామని బందరు పోయి తెచ్చాను. పేరంటాలు తీసుకుంది కానీ నా మొహం చూడలేదు.

తారీఖుకి మూడు రోజుల ముందుగాని కొత్త తల్లిని పటం తీసుకోదు కాబట్టి ముప్ఫై ఎనిమిదో రోజున అసలు పర్రకి బయల్దేరాను. భానుమూర్తిగారు కూడా వస్తానన్నారు. "మీరెందుకు సార్, డెబ్బై ఏళ్ల మనిషి," అంటే వినలేదు. నీళ్లు వెనక్కి పోయే పాటు వేళ చూసుకుని దిగాం. అర మైలు పోకముందే ఆయన నడుం దాకా కూరుకుపోయారు. లాగితే చెప్పు ఊడింది, ఇంకోసారి లాగితే కళ్లజోడు పడింది. తల ప్రాణం తోకకొచ్చింది. రెండేళ్ల కిందట నేను తప్పించుకున్న దారి అది.

పర్ర చేరి చూస్తే నాకే ఆశ్చర్యమేసింది. ఇలకూర ఉంది గానీ జానెడు మించి లేదు. ఆకులు ఎర్రబారి, సన్నగా, నేలకి అంటుకుని ఉన్నాయి. మధ్యలో పీతల బొరియలు, ఉప్పు పేరిన తెల్లటి చారలు. మా పెరటి దుబ్బుకీ దీనికీ ఎక్కడా పోలిక లేదు. రోజూ అన్నంలో తిన్న మొక్కని నేను సరిగ్గా చూడనే లేదు. పిడికెడు మట్టి తీసి డబ్బాలో పెట్టాను. ఈసారి ఏ చోటి మట్టో నేను రాయలేదు, అక్కడే గుచ్చిన సూది తనే రాసుకుంది.

పరిశోధనశాలకి వచ్చి కొత్త తల్లిని ఎక్కించాం. పాత పిడికెడు ఇంకా ఫ్రిజ్‌లో ఉంది. సరే చూద్దామని భానుమూర్తిగారు అందులో సూది గుచ్చారు.

ముప్ఫై ఒకటి వచ్చింది.

ఆయన నా భుజం తట్టారు. తొమ్మిదేళ్లలో ఆయన అలా తట్టడం అదే మొదలు. "ముప్ఫై ఒకటేనమ్మా. ఎనభై ఎక్కడ, ముప్ఫై ఒకటి ఎక్కడ. మీ ఊరు ఎక్కడికీ పోదు," అన్నారు. నాకు ఏడుపొచ్చింది. బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పుకుని తనివితీరా ఏడ్చాను. వెంటనే పెద్దమ్మకి ఫోను చేసి, "తగ్గేట్టే ఉంది," అని చెప్పాను.

నలభై ఒకటో రోజు పొద్దున ఊరంతా మా పెద్దమ్మ ఇంటి చుట్టూ చేరింది. కొంతమంది అప్పటికే పెట్టెలు, మంచాలు ట్రాక్టరులోకి ఎక్కించి ఉంచారు, ఎటైనా ఒకటే అని. నీళ్లు తీసి ఉన్నాయి గానీ నేలంతా బురద. నడిస్తే కాలు చప్పుడు చేస్తోంది. భానుమూర్తిగారు పటం చూపే పలక పట్టుకుని గోడ పక్కన నిలబడ్డారు. నేను సూది తీసి, రెండేళ్ల కిందట మట్టి తీసిన చోటే గుచ్చాను.

సూది నిమిషం తీసుకుంటుంది. ఆ నిమిషంలో నా కళ్లు కిందికి వాలాయి. ఆడవాళ్లు జానెడు లోతు గీకిన చోట, అన్ని బిందెల మంచినీళ్లు పోసి కడిగిన చోట, సన్నటి మొలకలున్నాయి. ఎర్రబారిన, నేలకి అంటుకున్న మొలకలు. మూడు రోజుల కిందటే వాటిని పర్రలో చూశాను. గోడ పక్కన చిన్న బొరియ ఉంది. అందులోంచి పీత తల బయటపెట్టి మళ్లీ దూరిపోయింది.

సూది మీద ఎనభై ఎనిమిది అని పడింది.

"ఇంకోచోట," అన్నారు భానుమూర్తిగారు. పేరంటాలు పెరట్లో గుచ్చాను. ఎనభై తొమ్మిది. బావి దగ్గర ఎనభై ఏడు. రేవు దారిలో తొంభై ఒకటి. గుచ్చుతూ పోతూనే ఉన్నాను, ఆయన వెనకే వస్తూనే ఉన్నారు. పదిహేడో చోట ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"సూది ఇప్పుడు తప్పు చెప్పట్లేదమ్మా," అన్నారు.

"మొన్నటి మట్టి ముప్ఫై ఒకటి చూపించింది కద సార్?"

"అది రెండేళ్ల కిందటి మట్టి. అప్పటికి ఇది ఊరు. నలభై రోజులు పోటు పెట్టాం కదా. గింజలు అవే వచ్చాయి, పీతలు అవే వచ్చాయి. మనం తప్పుగా రాసిందాన్ని నీళ్లు నిజం చేసేశాయి."

"అయితే ఇంకోసారి అడుగుదాం. నీళ్లు ఆపి, ఆరబెట్టి…"

"ఎవర్ని అడుగుదాం?" అన్నారు. కోపంగా అనలేదు, నిజంగానే అడిగారు. నాకు తెలుస్తుందేమోనని నా మొహంలోకి చూశారు కూడా. నేను సూదిని బురదలోంచి పైకి లాగాను. ఆయన అటు తిరిగి కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకోవడం మొదలెట్టారు. అద్దం బాగానే ఉంది.

వెనక్కి వచ్చేసరికి పెద్దమ్మ గోడకి ఆనుకుని ఎదురుచూస్తోంది. కళ్లు లోపలికి పోయాయి. నీళ్లు సరిగా తాగక పెదాలు పగిలాయి.

"ఎంతొచ్చిందే?"

"ఎనభై ఎనిమిది."

ఆవిడ కాసేపు లెక్కేసుకుంది. "అప్పుడు తొంభై మూడన్నావు కదూ?"

"అవును పెద్దమ్మా."

"అయితే తగ్గింది," అంది. ఆ మొహం వికసించడం నేను చూశాను, చూడకుండా ఉంటే బాగుండేది. నేను నోరు తెరిచేలోపే ఆవిడ వీధి వైపు తిరిగి, "పేరంటాలూ, తగ్గిందంట. ఐదు తగ్గిందంట," అని కేకేసింది.

ఆ మాట ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోయింది. అంకె తగ్గితే ఊరుంటుందని వాళ్లకి చెప్పినదాన్ని నేనే. ఎంతకి తగ్గాలో చెప్పలేదు. ట్రాక్టరు దగ్గర ఇద్దరు మగవాళ్లు ఎక్కించిన మంచాన్ని మళ్లీ కిందికి దించుతున్నారు. పేరంటాలు మనవరాల్ని చంకనేసుకుని వచ్చి, నలభై రోజుల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది. "ఏమీ అనుకోమాకే, కడుపుమంటతో అన్నాను," అంది. నేను తలూపాను.

భానుమూర్తిగారు దగ్గరికొచ్చి, "నేను చెప్పనా?" అన్నారు మెల్లగా.

"వద్దు సార్. నేనే చెప్తాను."

పెద్దమ్మ చెయ్యి పట్టుకున్నాను. అరచెయ్యి బిందెలు మోసి కాయలు కాసి ఉంది.

"పెద్దమ్మా, కాస్త కూర్చో."

"కూర్చోడమెందుకే? తగ్గిందిగా."

"కూర్చో. ఒక మాట చెప్పాలి."

నా మొహం చూసింది. కూర్చుందామని చుట్టూ చూసింది. పెరట్లో, గడపలో, గట్టు మీద ఎక్కడా పొడినేల లేదు. నిలబడే వింది.